‘సెపరేట్’ నడుమ ఉండే ‘ఏ’: కడప టైపు ఇన్‌స్టిట్యూట్ జ్ఞాపకాలు

1980లలో కడపలో పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలకు వేసవి సెలవులంటే టైపు నేర్చుకునే రోజులు. టైపు పరీక్షల్లో మొదటిదైన లోయర్ పాసైతే చిన్న ఉద్యోగానికైనా దరఖాస్తు పెట్టుకోవచ్చుననీ, హయ్యర్ కూడా పాసై దానికి షార్ట్‌హ్యాండ్ తోడైతే కలెక్టరేటులోనో కోర్టులోనో ఒక కుర్చీ దొరుకుతుందనీ ప్రతి ఇంట్లోనూ నమ్మేవారు. ఆ నమ్మకం మీదనే ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్లు బతికాయి. వాటిలో ఒకటి మా పెద్దనాయనది. ఏడు రోడ్ల కూడలికి కొంచెం ఎడంగా ఒక సందులో, కడప బండలు పరిచిన పొడవాటి హాలులో, రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్లు రెండు వరుసలుగా ఉండేవి. ఎండ ముదరకముందే మొదటి బ్యాచి వచ్చేది. లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. మాట అంటే నిఘంటువులోని మాట కాదు, ఐదు మీటలు నొక్కితే ఒక మాట కింద లెక్క. ఆ లెక్క ప్రకారం వేళ్ళు పరిగెత్తుతున్నప్పుడు వచ్చే చప్పుడుకు సందులోని వాళ్ళంతా అలవాటు పడిపోయారు.

హాలు వెనక ఒక చిన్న గది ఉండేది. అక్కడ జాబ్ టైపింగ్ జరిగేది. దరఖాస్తులు, అఫిడవిట్లు, నోటీసులు, కాలేజీ లెక్చరర్ల ప్రశ్నపత్రాల స్టెన్సిళ్ళు, అప్పుడప్పుడు ఇంగ్లీషులో రాయించుకునే దస్తావేజులు ఆ గదిలో పెద్దనాయన చేతి మీదుగానే బయటికి వెళ్ళేవి. టైపు చేసిన ప్రతి కాగితాన్నీ అసలుతో సరిచూడకుండా ఆయన ఎవరి చేతిలోనూ పెట్టేవాడు కాదు. అసలు ప్రతి నా చేతిలో ఉండేది, టైపు ప్రతి ఆయన చేతిలో ఉండేది. నేను గట్టిగా చదువుతూ పోవాలి. జనం తరచుగా తప్పు రాసే మాట వచ్చినప్పుడు ఆగి, దాన్ని అక్షరం అక్షరంగా పలకాలి. నేను హాలులో టైపు నేర్చుకున్నాను గానీ, నా జీవితానికి ఎక్కువగా అక్కరకు వచ్చిన చదువు ఆ వెనక గదిలో దొరికిన ఇంగ్లీషు స్పెల్లింగు చదువు. అందులోనూ ఒక్క మాట దగ్గర ఆయన నాకు నేర్పిన పద్ధతి తర్వాత వందల మాటలకు పనికివచ్చింది. ఆ మాట ‘సెపరేట్’.

ఆ గదిలో ఈ మాట రాని రోజు ఉండేది కాదని చెప్పవచ్చు. పెళ్ళయి వేరు కాపురం పెట్టిన కొడుకు సెపరేట్ రేషన్ కార్డు కావాలని దరఖాస్తు పెట్టుకునేవాడు. పారీఖత్తు, అంటే ఆస్తి పంపకాల కాగితం, రాసుకున్న అన్నదమ్ములకు సెపరేట్ కరెంటు మీటరు కావలసి వచ్చేది. భర్తకు దూరంగా పుట్టింట్లో ఉంటున్న ఇల్లాలు మనోవర్తి కోసం వేసే పిటిషన్‌లో తాను సెపరేట్‌గా ఉండవలసి వచ్చిన కారణాలు వరుసగా చెప్పుకునేది. ఇక ఆఫీసు ఉత్తరాలలో ‘ఈ కాగితాలు అండర్ సెపరేట్ కవర్ పంపుతున్నాము’ అనే వాక్యానికి లెక్కే లేదు. మన వాళ్ళు ఈ మాటను ఎప్పుడో సొంతం చేసుకున్నారు. ఇంగ్లీషు చదవని మా జేజి కూడా ‘వాళ్ళు సపరేటు అయినారంట’ అనేది.

దీని సరైన స్పెల్లింగు ఎస్, ఇ, పి, ఏ, ఆర్, ఏ, టి, ఇ. అంటే ‘పి’కీ ‘ఆర్’కీ నడుమ ఉండేది ‘ఏ’. చాలామంది అక్కడ ‘ఇ’ రాస్తారు. మన దగ్గరే కాదు, ఇంగ్లీషు తల్లిభాషగా గలవాళ్ళు సైతం ఎక్కువగా తప్పు రాసే మాటల్లో ఇది ఒకటి. కారణం ఆ భాష ఉచ్చారణలోనే ఉంది. ఇంగ్లీషులో ఒక మాటలోని అన్ని అచ్చులకూ సమానమైన బలం ఉండదు. ఈ మాటలో ఊనిక మొదటి అచ్చు మీద పడుతుంది. అందువల్ల నడుమ ఉన్న అచ్చు నీరసపడి, అది ‘ఏ’నో ‘ఇ’నో ‘ఓ’నో చెవికి తెలియని ఒక పొడి ధ్వనిగా మిగులుతుంది. విశేషణంగా వాడినప్పుడైతే వాళ్ళ నోట ఆ నడిమి అచ్చు దాదాపు మాయమై ‘సెప్రిట్’ అన్నట్టు వినిపిస్తుంది. చెవి సాక్ష్యం చెప్పలేని చోట చెయ్యి తన ఇష్టం వచ్చిన అక్షరం రాస్తుంది. ఇంగ్లీషులో ‘పర్’ అని వినిపించే చోట ఎక్కువ మాటల్లో ‘ఇ, ఆర్’ కనబడుతుంది కాబట్టి చెయ్యి ‘ఇ’ వైపే మొగ్గుతుంది.

టైపు నేర్చుకునే పిల్లలకు పెద్దనాయన దీన్ని మొదట వేళ్ళతో నేర్పించేవాడు. మీటల మీద ‘పి’ కుడిచేతి చిటికెన వేలికి వస్తుంది, ‘ఏ’ ఎడమచేతి చిటికెన వేలికి వస్తుంది. ‘సెపరేట్’లో ‘పి’ తప్ప మిగిలిన అక్షరాలన్నీ ఎడమచేతివే. కనుక ఈ మాట కొట్టేటప్పుడు ఒక్కసారి మాత్రమే పని కుడిచేతికి పోతుంది, పోయిన వెంటనే ఎడమ చిటికెన వేలికి తిరిగి వస్తుంది. ‘ఇ’ కొట్టేవాడు ఎడమచేతి నడిమి వేలును పైవరుసకు చాపుతాడు. ‘రెండు చిటికెన వేళ్ళూ ఒకదాని వెంట ఒకటి రావల్ల, నడిమి వేలు లేచిందంటే తప్పు కొట్టినట్టే’ అని ఆయన వరుసల మధ్య నడుస్తూ చెప్పేవాడు. మీటలు చూడకుండా కొట్టడం నేర్పే చోట ఇంతకంటే మంచి సూత్రం ఉండదని నా అభిప్రాయం. ఇప్పటికీ కంప్యూటరు మీద ఆ మాట కొడుతుంటే నా కంటికంటే ముందు నా చిటికెన వేళ్ళకు అది సరిగ్గా పడిందో లేదో తెలుస్తుంది.

ఒక్క అక్షరానికి అంత పట్టింపు ఎందుకని ఈనాటి పిల్లలకు అనిపించవచ్చు. అప్పట్లో తప్పు దిద్దడమంటే ఒక మీట నొక్కడం కాదు. అసలు కాగితం కింద కార్బన్లు పెట్టి మూడు నాలుగు ప్రతులు తీసేవారు. ఒక అక్షరం తప్పు పడితే రోలరు కొంచెం పైకి తిప్పి, ప్రతి కార్బన్‌కూ ముందు చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టి, గట్టి రబ్బరుతో పై ప్రతి మొదలుకొని అడుగు ప్రతి దాకా ఒక్కొక్కటిగా చెరిపి, మళ్ళీ అదే చోటికి రోలరు దించి కొట్టాలి. కాగితం చిరిగితే పని మొదటికి వచ్చేది. స్టాంపు కాగితం మీద అయితే ఇంకా కష్టం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, దస్తావేజులో కొట్టివేతలు, చెరిపివేతలు, వరుసల నడుమ చేర్పులు ఉంటే వాటి దగ్గర రాసి ఇచ్చినవాళ్ళు సంతకమో పొడి అక్షరాలో పెట్టి ధ్రువపరచాలి. లేకపోతే రిజిస్ట్రారు ఆ కాగితాన్ని తీసుకోనక్కరలేదు. ఎక్కడో పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన రైతు ఒక ‘ఇ’ కోసం మళ్ళీ ఇంటిల్లిపాదినీ పిలుచుకొని రావలసి వస్తుందేమోనని పెద్దనాయనకు నిజంగా భయం ఉండేది.

అయితే వేళ్ళతో నేర్పిన దానితో ఆయనకు తృప్తి ఉండేది కాదు. అక్షరం ఎందుకు అక్కడ ఉందో తెలిస్తే తప్ప అది మనసులో నిలవదని ఆయన గట్టి నమ్మకం. ఆయన కాలేజీలో చదువుకున్నవాడు కాదు. ఆయన దగ్గర అట్టకు ఖాకీ కాగితం వేసిన ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. అందులో ప్రతి మాటకూ అర్థాలన్నీ అయిన తర్వాత చివరన కుండలీకరణంలో ఆ మాట ఏ భాష నుంచి, ఏ రూపంలో వచ్చిందో రెండు మూడు ముక్కల్లో ఇచ్చేవారు. నిఘంటువు తెరిచిన వాళ్ళలో చాలామంది అర్థం దగ్గరే ఆగిపోతారు. పెద్దనాయన ఆ చివరి రెండు ముక్కల కోసమే తెరిచేవాడు. రాత్రి అన్నం తిన్న తర్వాత మిద్దె మీద లైటు కింద కూర్చొని, పగలు వచ్చిన కాగితాలలో జనం తప్పు రాసిన మాటలను ఒక్కొక్కటిగా వెతికి చూసేవాడు. అట్లా చూసినప్పుడే ఆయనకు ‘సెపరేట్’ పుట్టుక తెలిసింది. లాటిన్‌లో ‘సే’ అంటే విడిగా, ‘పరారే’ అంటే సిద్ధం చేయడం, సమకూర్చడం. విడిగా సమకూర్చి పెట్టడం ‘సెపరారే’. అదే ‘పరారే’ నుంచి ‘ప్రిపేర్’ వచ్చింది, ‘రిపేర్’ వచ్చింది, సైన్సు ల్యాబుల్లో మనం చదివిన ‘అపరేటస్’ వచ్చింది. వీటన్నింటిలోనూ ‘పి’ పక్కన ‘ఏ’నే ఉంటుంది.

ఆ చదువు అక్కరకు వచ్చిన ఒక సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఒక వకీలుగారి గుమాస్తా భాగాల దావా కాగితాలు టైపు చేయించుకొని, గది గుమ్మం దగ్గరే నిలబడి చదువుకొని, కలవరపడుతూ లోపలికి వచ్చాడు.

‘అన్నా, మా సారు డ్రాఫ్టులో అంతటా ‘ఇ’ రాసినాడు. నువ్వు అన్ని చోట్లా ‘ఏ’ కొట్టినావు. సారు అడిగితే నేనేమి చెప్పల్ల?’

‘సారుకు నేను చెప్తా గానీ, ముందు నువ్వు ఇట్ల కూచో. డెస్పరేట్ అంటే ఏమప్పా?’

‘ఇంక దిక్కు లేదనుకున్నోడు. ఆశ వదులుకున్నోడు.’

‘ఆ. ఆశించడానికి లాటిన్‌లో ‘స్పెరారే’ అంటారు. దాంట్లో ‘ఇ’ ఉండాది, అందుకని డెస్పరేట్‌లో ‘ఇ’ రాస్తాము. సెపరేట్‌లో ఉండేది ఆశ కాదు, సర్దుకోవడం. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఎవురి గిన్నెలు వాళ్ళు, ఎవురి గింజలు వాళ్ళు విడిగా సర్దుకుంటారు కదా, అదీ ఈ మాట. ప్రిపేర్‌లో ఉండే ‘ఏ’నే ఇందులోనూ ఉండేది. మీ సారు రాసింది భాగాల దావా. దాంట్లోకి డెస్పరేట్‌లో ఉండే ‘ఇ’ని తేవద్దని నేను చెప్పినానని చెప్పు.’

గుమాస్తా నిఘంటువు చూపించమన్నాడు. పెద్దనాయన సంతోషంగా చూపించాడు. మరునాడు వకీలుగారే స్వయంగా వచ్చారు. కోపంతో వచ్చారేమోనని నేను భయపడ్డాను. ఆయన కుర్చీ లాక్కొని కూర్చొని, ఆ రెండు ముక్కల పుట్టుక తానూ చదివి, ‘ఇన్నేండ్లు ఈ మాట రాస్తున్నా, ఎవురూ చెప్పలేదు’ అన్నారు. అప్పటి నుంచి ఆయన ఇంగ్లీషు డ్రాఫ్టులు టైపుకు కాకపోయినా ఒకసారి చదివి పెట్టడానికి మా గదికి వచ్చేవి.

ఇక్కడ తెలుగువాళ్ళకు మాత్రమే ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. దాన్ని కూడా పెద్దనాయనే నాకు చూపించాడు. మన లిపిలో పలికిందే రాస్తాం, రాసిందే పలుకుతాం. కాబట్టి మనం ఇంగ్లీషు మాటను కూడా ముందు తెలుగు అక్షరాలలో విని, తర్వాత ఇంగ్లీషు అక్షరాలలోకి మార్చుకుంటాం. ‘సెపరేట్’లో మనకు వినిపించేది స్పష్టమైన ‘ప’. ‘పె’ కాదు. కడపలో ‘సెపెరేట్’ అనేవాళ్ళను నేను చూడలేదు. మరి ‘ప’ అని అంత స్పష్టంగా పలికేవాళ్ళు అక్కడ ‘ఏ’ రాయాలి కదా అని నేను అడిగాను. ఆయన నా చేత ఒక కాగితం మీద కొన్ని మాటలు రాయించాడు: సెపరేట్, ఆపరేట్, డెస్పరేట్, టెంపరేచర్. తెలుగులో నాలుగింటికీ అదే ‘ప’. ఇంగ్లీషులో మాత్రం మొదటి దానిలో ‘ఏ’, మిగిలిన మూడింటిలో ‘ఇ’. ఆపరేట్ అనేది పని అనే అర్థం గల ‘ఓపెరా’ నుంచి వచ్చింది గనుక దానిలో ‘ఇ’. ఆసుపత్రి ఆపరేషన్, రైతుల కోఆపరేటివ్ సొసైటీ, కరెంటు ఆఫీసు ఆపరేటరు, ఇవన్నీ మనకు దినమూ కనబడే మాటలు. వాటి స్పెల్లింగు చూసి చూసి, చెవికి అదే విధంగా తగిలే ‘సెపరేట్’ను కూడా ఆ వరుసలోనే కూర్చోబెడతాం. మన వాళ్ళ తప్పుకు మూలం ఇక్కడుందని నాకు ఆనాడు తెలిసింది, ఈనాటికీ అదే నమ్ముతున్నాను. ఇది అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు కాదు. నలుగురు ఎట్లా ఉన్నారో చూసి ఐదోవాడిని ఊహించడం వల్ల వచ్చే తప్పు.

బడిలో దీనికి వేరే ఉపాయం చెప్పేవారు. ఆ మాట నడుమ ‘ఏ ర్యాట్’ ఉంది, ఎలుకను మరిచిపోకండి అనేవారు. అది నిజమే, అక్షరాలు అట్లాగే కుదురుతాయి, చిన్నపిల్లలకు ఇట్టే గుర్తుంటుంది కూడా. కానీ ఎలుక ఆ ఒక్క మాటతోనే ఆగిపోతుంది. పెద్దనాయన చెప్పిన పద్ధతి అంతకంటే దూరం పోతుంది. ఒక మాటలో నడిమి అచ్చు నీరసంగా ఉండి తెలియడం లేదంటే, అదే కుటుంబంలో ఆ అచ్చు మీద ఊనిక పడి గట్టిగా వినిపించే చుట్టాన్ని వెతకాలి. సెపరేట్‌కు ఆ చుట్టం ప్రిపేర్. పరీక్షల ముందు పిల్లలు పదే పదే అనే ‘ప్రిపరేషన్’ తోక, ‘సెపరేషన్’ తోక అక్షరం తేడా లేకుండా ఒకటే. ‘డెఫినిట్’లో చివర ‘ఏ’ రాయాలా ‘ఐ’ రాయాలా అని సందేహం వస్తే ‘ఫైనైట్’ను తలచుకోవాలి, అందులో ‘ఐ’ మోగుతుంది. ‘గ్రామర్’ చివర ‘ఇ, ఆర్’ అని చాలామంది రాస్తారు. ‘గ్రమాటికల్’ అని ఒకసారి పలికితే అక్కడ ఉన్నది ‘ఏ’ అని తెలిసిపోతుంది. ‘కాంపిటీషన్’లో ‘పి’ తర్వాత ‘ఇ’ అని ‘కంపీట్’ చెబుతుంది. ఈ ఒక్క పద్ధతి చేతికి వచ్చిన తర్వాత నాకు స్పెల్లింగులు బట్టీ పట్టవలసిన అవసరం చాలావరకు తప్పింది.

పలకని అక్షరాలు మరొక రకం. ప్రోనోట్లు, బాకీ నోటీసులు టైపు చేసే చోట ‘డెట్’ అనే మాటలోని ‘బి’, ‘రిసీట్’ అనే మాటలోని ‘పి’ తరచుగా ఎగిరిపోయేవి. ఈ మాటలు ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు డెట్‌లో ‘బి’ లేదు. తర్వాత పండితులు లాటిన్ ‘డెబిటుమ్’ను గుర్తు చేయడానికి ‘బి’ని తెచ్చి చేర్చారు, ‘రిసీట్’లో ‘పి’ కూడా లాటిన్ గుర్తుగానే నిలిచింది. నోరు మాత్రం పాత అలవాటు మానుకోలేదు. బ్యాంకుల్లో ‘డెబిట్’ అనే మాట వినిపిస్తూనే ఉంటుంది కనుక ‘బి’ని మరిచిపోవడానికి వీలులేదని పెద్దనాయన అనేవాడు. లాడ్జీల బోర్డుల మీద కనిపించే ‘అకామడేషన్’లో రెండు ‘సి’లు, రెండు ‘ఎమ్’లు ఉండాలని కూడా ఆయన దారిలో నడుస్తూ నాకు చూపించేవాడు. ‘జడ్జిమెంట్’ విషయంలో మాత్రం ఆయన ఎవరినీ తప్పుపట్టేవాడు కాదు. కోర్టు కాగితాల్లో ‘జి’ తర్వాత ‘ఇ’ లేకుండా రాయడం ఆచారం, మామూలు ఇంగ్లీషులో రెండు విధాలా చెల్లుతుంది. చెల్లేదాన్ని తప్పు అనడం కూడా తప్పే అని ఆయన పట్టుదల.

మా ఊరి పేరుకే రెండు స్పెల్లింగులు ఉండడం వల్ల కాబోలు, ఆయనకు ఈ విషయం మీద అంత ప్రేమ. మా చిన్నతనమంతా కడప ఇంగ్లీషులో సి, యు, డి, డి, ఏ, పి, ఏ, హెచ్. కవర్ల మీద, కలెక్టరేటు ముద్రల మీద, రైల్వే స్టేషన్ బోర్డు మీద అంతటా అదే. కొత్తగా వచ్చిన ఉద్యోగులు దాన్ని ‘కుడ్డపా’ అని చదివేవారు. పెద్దనాయన దానికి కూడా కారణం చెప్పేవాడు. ఇంగ్లీషువాడి కంటికి ‘సి, యు’ అంటే ‘కప్’, ‘కట్’ అనే మాటల్లో లాగా ‘క’. ‘డి’ రెండుసార్లు రాస్తే ముందున్న అచ్చు పొట్టిగా పలకాలని గుర్తు. చివరి ‘హెచ్’ ఆ ‘ఏ’ని ‘ఆ’గా పలికించడానికి. అంటే అది కడపను చెడగొట్టడానికి రాసింది కాదు, వాళ్ళ నోటికి కడప అనిపించడానికి తమ పద్ధతిలో చేసిన ప్రయత్నం. వాళ్ళలోనూ అందరూ అట్లా రాయలేదు. 1872లో విలియం కింగ్ ఈ ప్రాంతపు రాతి పొరల మీద భూగర్భ సర్వే తరఫున రాసిన గ్రంథం పేరులో కడపను ‘కె, ఏ, డి, ఏ, పి, ఏ, హెచ్’ అనీ, కర్నూలును ‘కె, ఏ’తో మొదలుపెట్టి ‘కర్నుల్’ అనీ రాశాడు. 2005లో ప్రభుత్వం స్పెల్లింగును మార్చి ‘కె, ఏ, డి, ఏ, పి, ఏ’గా స్థిరపరిచినప్పుడు పెద్దనాయన చాలా సంతోషించాడు. ఊరి పేరు ఎట్లా రాయాలో ఊరివాళ్ళు నిర్ణయించుకోవచ్చునని ఆయన అన్నాడు. భూగర్భ శాస్త్రంలో మాత్రం పాత స్పెల్లింగే ఉండిపోయింది, మన కింద ఉన్న రాతి పొరలను ఇప్పటికీ పుస్తకాలు రెండు ‘డి’లతోనే రాస్తాయి. బొంబాయిలో వంటింటి గట్టుకు వేసే మన నల్లబండను అక్కడివాళ్ళు ‘కడప్పా’ అంటారు. ఊరి పేరు ఇన్ని రూపాల్లో తిరిగి వచ్చినా మాకు అభిమానమే.

ఈ ఊళ్ళోనే సి.పి.బ్రౌన్ 1820లో ఉద్యోగానికి వచ్చి, తర్వాత బంగళా కొనుక్కొని, పండితులను జీతమిచ్చి పెట్టుకొని, తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి సరిచూపించి తప్పులు దిద్దించాడు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే ఈనాడు ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. దాని వెనుక జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి ఎన్నో ఏళ్ళ శ్రమ ఉంది. పెద్దనాయన ఆ గ్రంథాలయానికి నన్ను తీసుకొని పోయినప్పుడు, బ్రౌన్ దగ్గర ఒకరు చదువుతుంటే మరొకరు ప్రతిని చూసుకునేవారట అని చెబుతూ నా వైపు గర్వంగా చూశాడు. నేనూ ఆయనా వెనక గదిలో చేసేది అదే పని కదా. ఒక దరఖాస్తునూ ఒక కావ్యాన్నీ ఒకే శ్రద్ధతో సరిచూడవచ్చునని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. నాకు ఆయన మీద ఉన్న గౌరవంలో సగం ఆ నమ్మకం వల్ల వచ్చిందే.

కంప్యూటర్లు వచ్చిన తర్వాత ఇన్‌స్టిట్యూట్ నెమ్మదిగా మూతపడింది. మిషన్లు అమ్ముడుపోయాయి. నేను ఉద్యోగంలో చేరి, ఉత్తరాల డ్రాఫ్టులు చూసే స్థానానికి వచ్చేసరికి, తప్పు రాస్తే కింద ఎర్రగీత పడే సౌకర్యం అందరికీ దొరికింది. అది మంచి సౌకర్యమే, నేనూ వాడుకుంటాను. దానికి ఒక లోపం మాత్రం ఉంది. అది తప్పు అని చెబుతుంది గానీ ఎందుకు తప్పో చెప్పదు. అందువల్ల దాని సాయంతో దిద్దుకున్నవాళ్ళు చేత్తో రాయవలసి వచ్చిన రోజున మళ్ళీ అదే తప్పు రాస్తారు. మా సెక్షన్‌లోకి కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి చేతిరాత నోటులో ‘అండర్ సెపరేట్ కవర్’ దగ్గర ‘ఇ’ రాసినప్పుడు నేను ఊరికే దిద్ది పంపలేదు. పిలిచి కూర్చోబెట్టి, ప్రిపేర్ సంగతి, డెస్పరేట్ సంగతి, అన్నదమ్ముల సామాను సంగతి చెప్పాను. అతడు శ్రద్ధగా విని, కాసేపు ఆలోచించి ఒక ప్రశ్న వేశాడు.

‘అయితే మేడమ్, సెవరల్‌లో ‘వి’ తర్వాత ‘ఇ’ ఎందుకుంది? అది కూడా విడివిడిగా అనే అర్థమే కదా?’

అంత మంచి ప్రశ్న నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. సమాధానం పెద్దనాయన నిఘంటువులోనే ఉంది. సెవరల్, తెంచడం అనే అర్థం గల సెవర్, ఇవి కూడా ఆ లాటిన్ మూలానికి చెందినవే. కానీ సెపరేట్ నేరుగా పుస్తకాల లాటిన్ నుంచి వచ్చింది, ఇవి జనం నోళ్ళలో నలిగి, ఫ్రెంచి మీదుగా వచ్చాయి. ఆ జనం లాటిన్‌లోనే ‘సెపరారే’ కాస్తా ‘సెపెరారే’ అయింది, ఆ తర్వాత ‘ప’ కూడా ‘వ’గా మారింది. మనవాళ్ళు ఈనాడు రాసే ‘ఇ’ని ఆనాటి రోమను జనం పలికి వదిలిపెట్టారన్నమాట. సెవరల్‌లో అది స్థిరపడి ఒప్పయింది, సెపరేట్‌లో పండితుల రూపం నిలబడింది కాబట్టి ‘ఏ’ ఒప్పయింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆ అబ్బాయి నా బల్ల దగ్గరికి వచ్చి, ‘మెయిన్‌టైన్’లో ‘టి, ఏ, ఐ, ఎన్’ ఉండగా ‘మెయింటెనెన్స్’లో ‘టి, ఇ, ఎన్’ ఎందుకో తానే కనుక్కున్నానని చెప్పాడు. పట్టుకోవడం అనే అర్థం గల లాటిన్ ‘తెనేరే’ దాని మూలమనీ, ‘రిటైన్’ నుంచి ‘రిటెన్షన్’, ‘డిటైన్’ నుంచి ‘డిటెన్షన్’, ‘సస్టైన్’ నుంచి ‘సస్టెనెన్స్’ అదే వరుసలో వస్తాయనీ ఒక కాగితం మీద రాసుకొని వచ్చాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ కాగితానికి ‘అబ్‌స్టైన్’ను కూడా చేర్చమన్నాను. దాని నామవాచకం ‘అబ్‌స్టినెన్స్’లో ‘ఇ’ పోయి ‘ఐ’ వస్తుంది, ఎందుకో చూసి రమ్మని పంపించాను.